మోక్షిత సీటు

ఖతర్‌లో ఉన్న బండవాండ్లపల్లె వాళ్ళకి ఏ కాగితం రాయాల్సి వచ్చినా వెంకటప్పే దిక్కు. ఆయన చదివింది పదో తరగతే, అదీ రెండోసారికి గట్టెక్కాడు. కానీ చేతిరాత అచ్చు గుద్దినట్టు ఉంటుంది. అర్జీ రాయడానికి కూర్చుంటే ఎక్కడా తడుముకోడు. ఆ ఊరివాళ్ళు ముప్ఫై మంది దాకా ఇక్కడి ఇళ్ళల్లో డ్రైవర్లుగా, వంటవాళ్ళుగా ఉన్నారు. పాసుబుక్కు తగాదా అయినా, రేషన్ కార్డులో పేరు తప్పయినా ఆయన గది ముందుకొచ్చి చెప్పులు విడుస్తారు. ఆయనా ఆ పెద్దరికాన్ని వద్దనడు. పొద్దస్తమానం ఇంకొకరి పిల్లల్ని బళ్ళో దింపి తెచ్చే మనిషికి వారానికి ఒక్కసారైనా ప్లీడరులా కూర్చోవడం బాగానే ఉంటుంది మరి.

బుధవారం మధ్యాహ్నం మహబూబ్ వచ్చేసరికి వెంకటప్ప గేటు పక్క నీడలో బండి కార్పెట్లు దులుపుతున్నాడు. మహబూబ్ కూడా హౌస్ డ్రైవరే. అల్ రయ్యాన్‌లో వెంకటప్ప ఉండే వీధిలోనే, నాలుగిళ్ళ అవతల ఉంటాడు. ఊళ్ళో ఇద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. మహబూబ్ భార్య రమీజా కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. ఎనిమిదేళ్ళ కొడుకు ఫయాజ్ ఊళ్ళో నానమ్మ ఖాసింబీ దగ్గర పెరుగుతున్నాడు. ఖాసింబీ ఊరి సర్కారు బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. మనవడు పుస్తకాల సంచి తగిలించుకుని, ఆమె కూరగాయల సంచి పట్టుకుని పొద్దున్నే కలిసి బయలుదేరతారు, సాయంత్రం కలిసే తిరిగొస్తారు. ఆ ఒక్క ఏర్పాటు మీదే మూడు దేశాల్లో చెదిరిన ఆ సంసారం నిలబడి ఉంది.

"బడి ఎత్తేస్తాండారంట అన్నా," అన్నాడు మహబూబ్. "రాచపల్లె బడిలో కలిపేస్తారంట. సబ్రీన్ టీచరమ్మ ఫోన్ చేసి చెప్పినాది."

సంగతంతా కూడదీసుకుని చెప్పాడు. ఇరవై మంది పిల్లలు లేని బళ్ళని పక్క ఊరి పెద్ద బడిలో కలపమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. మన బడిలో ఇప్పుడు పద్నాలుగు మందే మిగిలారు. సోమవారం పొద్దున బడి కమిటీ కూర్చుని తీర్మానం రాసివ్వాలి. ఆలోగా ఆరుగురు వెనక్కొచ్చి చేరితే బడి ఉంటుంది, లేకపోతే తాళమే. రాచపల్లె మూడు కిలోమీటర్లు, మధ్యలో నాలుగు లైన్ల బైపాసు. లారీలు, బస్సులు ఆగకుండా పోతుంటాయి. పెద్ద బడికి వేరే వంటవాళ్ళున్నారు, కాబట్టి ఖాసింబీ పని కూడా పోయినట్టే.

"మాయమ్మకు పొద్దు గూకితే కండ్లు సరిగ్గా ఆనవు. పిల్లోణ్ణి ఆ రోడ్డు యట్ల దాటిస్తాది? నువ్వు కలెక్టరుకు ఒక అర్జీ రాయన్నా. నువ్వు రాస్తే కదులుతాది."

వెంకటప్ప కార్పెట్‌ని గోడకేసి ఇంకో నాలుగు దెబ్బలు కొట్టాడు. అందులో దుమ్ము ఎప్పుడో పోయింది.

గదిలో మంచం మీద కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. మహబూబ్ కింద చాప మీద కూర్చుని కలం పోయే దారినే చూస్తున్నాడు. ఊరు, మండలం, బడి కట్టిన సంవత్సరం, గదులెన్ని, పంపు ఎక్కడుంది, అన్నీ చకచకా పడ్డాయి. పిల్లలు ఎందుకు తగ్గారో కూడా రాయాలి కదా అన్నాడు మహబూబ్. వెంకటప్ప 'ప్రైవేటు పాఠశాలల వారి ప్రలోభముల వలన' అని రాసి పైకి చదివాడు.

"ప్రలోభమంటే ఏందన్నా?"

"ఆశ పెట్టడం."

"ఎవురికి పెట్టినారు?"

ఆ అడగడంలో ఏ వంకరా లేదు. తెలియక అడిగాడు, అంతే. వెంకటప్ప మాత్రం అట్ట పక్కన పెట్టేశాడు. అందరికీ అని గొణిగి, బండి కడగాలన్న వంకతో మిగతాది రేపు రాస్తానన్నాడు.

రెండేళ్ళ కిందట, టౌన్లో ఇంగ్లీషు మీడియం స్కూలు నడిపే కరస్పాండెంటు వెంకటప్పకి తనే ఫోన్ చేశాడు. మీ ఊరినుంచి ఇరవై మంది పిల్లలు వస్తే బస్సు ఊరి లోపలికే పంపుతానన్నాడు. ఆ ఇరవై మందినీ నువ్వు చూసిపెడితే మీ అమ్మాయి మోక్షితని పదో తరగతి దాకా ఫీజు లేకుండా చదివిస్తానన్నాడు. మొదటి మాట వెంకటప్ప ఊరివాళ్ళందరికీ చెప్పాడు. రెండో మాట భార్య శివకుమారికి తప్ప ఎవరికీ చెప్పలేదు. బండవాండ్లపల్లె వ్యవహారాలన్నీ తేలేది ఖతర్‌లోనే. శుక్రవారం మధ్యాహ్నం ఏషియన్ టౌన్‌లో క్రికెట్ గ్రౌండు పక్కన కూర్చుని మగవాళ్ళు ఒకటనుకుంటే, సాయంత్రానికి ఊళ్ళో ఆడవాళ్ళ ఫోన్లు మోగుతాయి, మర్నాటికి అది జరిగిపోతుంది. ఆ శుక్రవారం వెంకటప్ప ఇంగ్లీషు గురించి గంటసేపు మాట్లాడాడు. మనం బతుకంతా సార్, మేడమ్ అని తలుపులు తీస్తున్నాం, మన పిల్లలు కూడా తియ్యాలా అని అడిగాడు. వాళ్ళల్లో ఇస్హాక్ అయితే కళ్ళు తుడుచుకున్నాడు. పంతొమ్మిది మంది పిల్లలు ఒక్క వారంలో బస్సెక్కారు, మోక్షితతో ఇరవై.

గురువారం మధ్యాహ్నం వెంకటప్ప యజమాని పిల్లల కోసం స్కూలు ముందు వరుసలో బండి పెట్టుకుని కూర్చున్నాడు. అద్దానికి పిల్లల పేర్లున్న కార్డు తగిలించి ఉంది. గేటు దగ్గర మనిషి ఆ కార్డు చూసి మైకులో పిలుస్తాడు, పిల్లలు బయటికొస్తారు. ఈ బడి ప్రైవేటుది. ఆ పిల్లల తల్లి, ఇంటి మేడమ్, మాత్రం సర్కారు బడిలోనే చదువుకుంది. ఒకసారి కారులో వస్తూ ఆ ముచ్చట చెప్పింది. ఆమె చదివే రోజుల్లో సర్కారు బళ్ళను ఎవరి పెత్తనం వారిదేనని విడిచిపెట్టారట, పుస్తకాలు మార్చారట, అరబ్బీలో చెప్పే లెక్కల్ని ఇంగ్లీషులోకి తెచ్చారట. కొన్నేళ్ళకి మళ్ళీ అన్నీ వెనక్కి తీసుకున్నారట. ఈ తిప్పలు మా పిల్లలకి వద్దని ఆమె ప్రైవేటులో వేసింది, ఫీజుకి సర్కారే కూపన్ ఇస్తుంది. ఉన్నవాళ్ళ ఊళ్ళో బడి మారినా, మళ్ళీ మారినా పిల్లలకి వచ్చే నష్టం ఏమీ లేదనుకున్నాడు వెంకటప్ప అప్పుడు.

పక్క బండిలో బుచ్చన్న ఉన్నాడు. నిర్మల్ టౌన్ దగ్గరి పల్లెటూరివాడు. సైటు పని మాని ఈ మధ్యే డ్రైవరయ్యాడు. ఊసుపోక వెంకటప్ప తమ ఊరి బడి సంగతి ఎత్తాడు, తన పాత్ర తప్పించి.

"మా ఊళ్ళె పోయినేడే తాళమేసిండ్రు," అన్నాడు బుచ్చన్న. "ఇప్పుడు అండ్ల వడ్ల బస్తాలు పెడుతున్రు. సర్కారును తిడ్తం గని, మన పిల్లగాండ్లను మనమే తీస్కపోతిమి. మనమే మూసినమన్నట్టు."

మనమే అంటే అందరూ అని బుచ్చన్న లెక్క. అందరి తప్పు ఎవరికీ బరువు కాదు. వెంకటప్పకి ఆ సౌకర్యం లేకపోయింది. ఆ సాయంత్రం శివకుమారికి ఫోన్ చేసి, రేపు అందరి ముందూ నిజం చెప్పేస్తానన్నాడు. మోక్షితని ఊరి బడికే మార్పిస్తానని, తన బిడ్డ ముందు దిగితే ఇంకో ఐదుగురు దిగకపోరని అన్నాడు. ఆమే బడి కమిటీ చైర్మను. తన బిడ్డ ఆ బడిలో చదివినప్పుడు ఎన్నుకున్నారు, ఇంకొకరు ముందుకు రాక ఆ పేరు అట్లాగే ఉండిపోయింది. అంతా విని శివకుమారి, నీ ఇష్టమయ్యా, పాప మాత్రం ఏడుస్తాది అంది. ఫోన్ పెట్టేశాక వెంకటప్పకి ఒళ్ళు తేలికైంది. ఇంకా ఏమీ చెయ్యకముందే మంచివాడైపోయినట్టు అనిపించింది.

శుక్రవారం ఏషియన్ టౌన్‌లో ఊరివాళ్ళు పాతిక మంది దాకా పోగయ్యారు. ఎండ ఇంకా మొహానే కొడుతోంది. గోడ నీడ ఎంత ఉందో అంత మేరకు అట్టపెట్టెలు పరుచుకుని కూర్చున్నారు. మహబూబ్ సమోసాలు తెచ్చి అందరికీ పంచాడు. పంచుతూ ఒక్కొక్కరి పక్కనా గొంతుక్కూర్చుని, మీవాణ్ణి పంపన్నా, మీ పాపను పంపన్నా అని అడిగాడు. అందరూ సమోసా తీసుకుని తల ఊపారు. మాట మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

వెంకటప్ప లేచి నిలబడ్డాడు. అర్జీ చదువుతాడనుకున్నారు.

"ఆ పొద్దు నేను మీకంతా చెప్పి పిలకాయల్ని బస్సెక్కించినా గదా," అన్నాడు. "అది ఊరికే చెప్పలేదు. ఇరవై మందిని పంపితే నా బిడ్డకు ఫీజు లేకుండా చదువు చెప్తానన్నాడు కరస్పాండెంటు. మా పాప రెండేండ్లుగా ఫ్రీగా చదవతాంది. ఈ పొద్దు బడి మూతపడతాందంటే దానికి కారణం నేనే."

గోడ అవతల ఎవరో సిక్సర్ కొట్టినట్టున్నారు, కేకలు వినపడ్డాయి. వెంకటప్ప తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరైనా లేచి చొక్కా పట్టుకుంటే బాగుండునని కూడా అనుకున్నాడు. మహబూబ్ సమోసాల పొట్లం చేత్తో పట్టుకుని అట్లాగే ఆయన వైపు చూస్తున్నాడు.

అందరికంటే ముందు ఇస్హాక్ తేరుకున్నాడు. ఒక కాంట్రాక్టరు దగ్గర సామాన్లు కొనిపెట్టే పని చేసి చేసి, బేరం వాసన దూరంనుంచే పట్టే మనిషి.

"అంటే వాడికి మన పిలకాయలు అంత అవసరమన్నమాట," అన్నాడు నెమ్మదిగా. "మనం తీసేస్తామంటే వాడి బస్సు ఖాళీగా పోతాది గదా?"

అంతే, ఆ మాట చేతులు మారుతూ పోయింది. పంతొమ్మిది మందిని ఒక్కసారి తీసేస్తామంటే వాడు దిగిరాక ఏంచేస్తాడన్నాడు ఒకడు. పక్కూర్లో బళ్ళు కలిపేస్తున్నారు కాబట్టి పిల్లలు అటు కూడా పోవచ్చని భయపెడదామన్నాడు ఇంకొకడు. అందరిలోకి వయసులో పెద్దవాడైన హమీదుద్దీన్‌ని పెద్దమనిషిగా పెట్టి అక్కడే, అప్పుడే ఫోన్ చేయించారు. స్పీకరులో కరస్పాండెంటు గొంతు ముందు గట్టిగా, తర్వాత మెత్తగా, ఆఖరికి తేనె పూసినట్టు వినపడింది. పది నిమిషాల్లో అందరికీ సగం ఫీజు ఖాయమైంది. ఒకడు వెంకటప్ప భుజం తట్టి, ముందే చెప్పకపోయినావే అన్నాడు. తిట్టడానికి కాదు. రెండేళ్ళు ఊరికే నష్టపోయామని.

మోక్షితని ఊరి బడికి మార్పిస్తానన్న రెండో మాట వెంకటప్ప నోట్లోనే ఉండిపోయింది. చెప్పడానికి సందు దొరకలేదని ఆయన తర్వాత తనకు తాను చెప్పుకున్నాడు. సందు దొరకనందుకు లోపల ఎక్కడో హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు కూడా, అది మాత్రం చెప్పుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మహబూబ్ పక్కనే కూర్చున్నాడు. కిటికీలోంచి చూస్తూ, ఆయన వైపు తిరగకుండానే, అందరి ముందు చెప్పినావు చూడన్నా, నేనైతే చెప్పలేను అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అని ఉంటే వెంకటప్పకి ఆ రాత్రి నిద్ర పట్టేది.

సోమవారం ఆరున్నరకి పిల్లల్ని దింపి, వెంకటప్ప ఒక చెట్టు కింద బండి ఆపుకున్నాడు. ఊళ్ళో అప్పుడు తొమ్మిది. కమిటీ మీటింగు అంటే మాటకి ఊళ్ళో, పెత్తనం ఫోన్లలో. తల్లులు బడి వరండాలో కూర్చుని, ఒక్కొక్కరి ఫోన్లో ఒక్కో మొగుణ్ణి స్పీకరులో పెట్టుకుంటారు. ఎవరు ఏ ఎడారిలో ఏ బండి నడుపుతున్నా తీర్మానం దగ్గరికి హాజరే. ఆ పొద్దు సబ్రీన్ టీచరు తీర్మానం చదువుతుంటే అవతల గిన్నెల చప్పుడు వినపడింది. ఖాసింబీ అన్నం వార్చుతూ ఉండాలి. మీటింగు తేలేదాకా పొయ్యి ఆర్పడానికి లేదు, పద్నాలుగు మంది పిల్లలు మధ్యాహ్నం తినాలి కదా.

ఆరుగురు పిల్లలు వచ్చారా అని టీచరు అడిగింది. ఎవరూ రాలేదు. ఎవరైనా పంపుతారా అని రెండోసారి అడిగింది. ఆ గొంతులో ఇంకా కొంచెం ఆశ ఉంది. ఫోన్లన్నీ ఊరుకున్నాయి. వెంకటప్ప కూడా ఊరుకున్నాడు. తన బిడ్డ ఒక్కతీ వస్తే పదిహేనే కదా అవుతుంది, పదిహేనుతో బడి నిలుస్తుందా అని లెక్క వేసుకున్నాడు. లెక్క సరైనదే. సరైనది కావడం వల్లనే అది అంత సిగ్గుచేటుగా ఉంది.

"పెట్టమంటావా?" అని ఫోన్లో శివకుమారి గొంతు. చైర్మను సంతకం ముందుండాలి.

వెంకటప్ప స్టీరింగు మీద గోరుతో గీశాడు.

"పెట్టు," అన్నాడు.

మంగళవారం మధ్యాహ్నం మహబూబ్ మళ్ళీ వచ్చాడు. ఈసారి అర్జీ సంగతి ఎత్తలేదు. గుమ్మం దగ్గరే నిలబడి, చెప్పులు విడవకుండా, అడగాలా వద్దా అన్నట్టు చాలాసేపు చేతులు నలుపుకున్నాడు. వీసా ఇచ్చిన వెనకటి యజమాని, ఆ కఫీల్ దగ్గర ఆరునెలలు పని లేకుండా కూర్చున్న దెబ్బ నుంచి అతనింకా లేవలేదు. తల్లి జీతమూ ఇప్పుడు పోయింది. సగం ఫీజు కూడా అతని వల్ల అయ్యే పని కాదని వెంకటప్పకి తెలుసు.

"ఒక మాట అడగతా, ఏమనుకోవాకన్నా. ఆ సారు నీ మాట వింటాడు. మీ పాపకు ఇచ్చినట్టే మా ఫయాజ్‌కు గూడా ఒక సీటు అడుగన్నా. బస్సు మా వాకిట్లోకే వస్తాది. మాయమ్మకు రోడ్డు దాటే పనుండదు."

వెంకటప్పకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తిట్టాల్సిన మనిషి అడుక్కుంటున్నాడు. ఇది మాత్రం తప్పకుండా చేస్తానని, చేసి తీరాలని గట్టిగా అనుకున్నాడు. ఇప్పుడే ఫోన్ చేస్తాను, నువ్వు టీ తీసుకురా అని మహబూబ్‌ని పంపి నంబరు నొక్కాడు.

కరస్పాండెంటు ఆసాంతం విన్నాడు. ఆయన గొంతులో పాత చనువు లేదు, కోపమూ లేదు.

"ఇదివరకటి మాదిరి కాదు వెంకటప్పా. అప్పుడంటే మీ ఊర్లో బడి ఉండె, ఆశ పెట్టి పిలవాల్సి వచ్చె. ఇప్పుడు వాళ్ళు యాడికి పోతారు? అయినా నీకు ఒక సీటని మాటిచ్చినా, ఆ మాట మీదనే ఉండా. ఒక్కటే. ఆ పిల్లోడికి ఇమ్మంటావా, పేరు మారుస్తా. మీ పాపకు అందరి మాదిరి సగం ఫీజు కట్టుకో. నాకు ఏ పేరైనా ఒకటే. చెప్పు, ఏం రాసుకోమంటావు?"

వెంకటప్ప గోడ వైపు చూశాడు. సగం ఫీజు ఆయన కట్టలేనిదేమీ కాదు. ఊళ్ళో మిద్దె మీద వేయాలనుకున్న గది ఒక ఏడాది వెనక్కి పోతుంది. మేస్త్రీకి వచ్చే నెల రమ్మని చెప్పాడు, ఇప్పుడొద్దు, వచ్చే ఏడాది చూద్దామని చెప్పాలి. శివకుమారి నాలుగు రోజులు ముఖం ముడుచుకుంటుంది. అంతే. అంతకన్నా ఏమీ లేదు. ఏదో పెద్ద కష్టం అడ్డం పడుతుందేమోనని ఆయన వెతికాడు, ఒక్కటీ దొరకలేదు.

"హలో?" అన్నాడు కరస్పాండెంటు.

"ఇప్పుడున్నట్టే ఉండనీ సార్," అన్నాడు వెంకటప్ప.

ఫోన్ పెట్టేసి మంచం మీద కూర్చున్నాడు. ఇంతసేపూ తన గుండె కొట్టుకున్నది పిల్లవాడి కోసమో, తన కోసమో తెలియలేదు. లేచి ముఖం కడుక్కున్నాడు. మళ్ళీ ఫోన్ చేసి మార్చమని చెప్పవచ్చు, నంబరు అక్కడే ఉంది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, తువ్వాలు తీగ మీద ఆరేసి, గేటు దగ్గరికి నడిచాడు.

మహబూబ్ మూల కొట్టునుంచి రెండు కరక్ టీలు పట్టుకుని వస్తున్నాడు. ఒలకకుండా అడుగులు చూసుకుని వేస్తున్నాడు. ఒక గ్లాసు అందించి, ఏమన్నాడని కళ్ళతోనే అడిగాడు.

"సీట్లు లేవంట రా. చానా అడిగినా. ఈ ఏడాదికి కుదరదన్నాడు."

మహబూబ్ కాసేపు గ్లాసులోకి చూశాడు. అతను ఒక్కసారి తన ముఖంలోకి చూస్తే చాలు, అంతా బయటపడిపోతుందనుకున్నాడు వెంకటప్ప. మహబూబ్ చూశాడు. చూసి, ఆయన్నే ఓదారుస్తున్నట్టు చెయ్యి పట్టుకున్నాడు.

"పోనీలే అన్నా, నువ్వు బాధపడాకు. ఇంకెవురన్నా లేవని చెప్తే నేను నమ్మను. నువ్వు అందరి ముందర తప్పు ఒప్పుకున్న మనిషివి. నువ్వు లేవంటే లేనట్టే."

అక్కడే నిలబడి ఊరికి ఫోన్ చేశాడు. తల్లితో తమ ఉర్దూలో మాట్లాడాడు. ఆ మాటలు చిన్నప్పటినుంచీ వింటూ పెరిగిన వెంకటప్పకి అన్నీ అర్థమయ్యాయి. సీటు దొరకలేదని, అన్న చాలా ప్రయత్నం చేశాడని, రేపటినుంచి పిల్లవాడి చెయ్యి వదలకుండా రోడ్డు దాటించమని, లారీ దూరంగా ఉన్నా సరే ఆగమని మహబూబ్ చెప్పాడు. అవతల ఖాసింబీ ఏదో చాలాసేపు మాట్లాడింది. మహబూబ్ ఊఁ కొడుతూ విన్నాడు.

"మాయమ్మ నీకు సలాం చెప్పమంటాంది," అన్నాడు ఫోన్ దించి. "నీ బిడ్డ బాగా చదవాలని ఐదు పూటలా దువా చేస్తాదంట."

వెంకటప్ప తల ఊపాడు. లోపలినుంచి మేడమ్ పిలిచింది, పిల్లల్ని ఈతకి తీసుకెళ్ళే వేళయింది. ఆయన చేతిలోని టీ గబగబా తాగేసి, బండి తాళాలు తీసుకున్నాడు.